తప్పు జవాబుల యాదగిరన్న

నిన్న పొద్దున స్కూల్‌కి బయల్దేరుతుంటే మా ‘పాటల పంచాయితీ’ వాట్సాప్ గ్రూప్‌లో యాదగిరన్న నంబర్ నుంచి మెసేజ్ వచ్చింది.

ఆట సాయంత్రం ఏడింటికి కదా, పొద్దున్నే ఈయనకేం తొందర అని నవ్వుకున్నాను. తెరవలేదు.

బస్సు ఎక్కాక చూశాను.

“నేను యాదగిరి బిడ్డను. బాపు ఇగ లేడు. దవాఖానకు తీస్కపోతాంటె తొవ్వలనే పానం పోయింది. మీకందరికి చెప్పాల్నని పెడుతున్న.”

నాలుగుసార్లు చదివాను. కండక్టర్ ఫ్రీ టికెట్‌కి ఆధార్ కార్డ్ చూపించమంటే ఆ ఫోనే చూపించాను.

మొన్న సాయంత్రమే కదా ఆయన్ని గ్రూప్‌లో ఆటపట్టించాను!

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. యాదగిరన్నది మోత్కూర్‌లో పిండి గిర్ని. నేను తిరుమలగిరిలో లెక్కల టీచర్ని, ఆ గ్రూప్‌కి అడ్మిన్ని. పాత పాటల పిచ్చోళ్లం ముప్పై మంది దాకా ఉంటాం.

ఆట సింపుల్. ఏదైనా పాట మొదట్లో వచ్చే మ్యూజిక్ బిట్ పది సెకన్లు పెడతాను. పల్లవి ఏంటో చెప్పాలి. తప్పు చెప్పినవాళ్లకు ఒకటే శిక్ష. ఆ పాట మొత్తం పాడి వాయిస్ నోట్ పెట్టాలి.

ఆరేళ్లలో యాదగిరన్న ఒక్కసారి కూడా కరెక్ట్ చెప్పలేదు.

అంటే ఆరేళ్లు దాదాపు రోజూ పాడాడు.

పోయిన మనిషి కదా అని అబద్ధం చెప్పను. ఘోరంగా పాడేవాడు. పాట తిరుమలగిరి చేరుతుంటే ఆయన ఇంకా మోత్కూర్‌లోనే ఉండేవాడు.

“ఒకప్పుడు కరెంటు పోతే పాడుకునేటోన్ని చెల్లే. తెలంగాణ వచ్చినంక కరెంటు పోతనే లేదు. నేనే గిర్ని బంద్ చేసి పాడాల్సొస్తాంది” అనేవాడు.

గిరాకీలు ఊరుకుంటారా? ఒకసారి మంచి ఏడుపు పాట అందుకున్నాడు. మధ్యలో ఎవరో ముసలావిడ గొంతు.

“ఓ యాదగిరీ, నా జొన్నలు పడ్తవా పట్టవా?”

“జర ఆగు పెద్దమ్మా, ఒక్క చరణమున్నది!”

ఆ వాయిస్ నోట్‌ని మేము నెల రోజులు వాడుకున్నాం. ఎవరు పాడినా “బాగుందిగాని, ముందు పెద్దమ్మ జొన్నలు పట్టండి” అనేవాళ్లం. అందరికన్నా ఎక్కువ నవ్వింది యాదగిరన్నే.

పోయినేడాది నాకు చిర్రెత్తింది. కొత్తగా చేరినవాళ్లు ఆయన పాట విని గ్రూప్ వదిలి పోతున్నారు. రూల్ మార్చేశాను. పాడే శిక్ష లేదు, తప్పు చెబితే ఒక మార్కు కట్. లెక్కల టీచర్ బుద్ధి ఎక్కడికి పోతుంది!

యాదగిరన్న ఆ రోజు నుంచి జవాబులు పెట్టడం మానేశాడు. పొద్దున్నే ఒక పూల ఫోటో, గుడ్ మార్నింగ్, అంతే.

పది రోజులకు మోత్కూర్‌లో పెళ్లికి వెళ్లి, గిర్ని దగ్గర ఆగాను. ఎవరివో మిరపకాయలు పడుతున్నాడు. నేను తుమ్ముకుంటూ బయటే నిలబడ్డాను.

గిర్ని ఆపి వచ్చాడు. ఆ సాయంత్రం పెట్టాల్సిన బిట్ నా ఫోన్‌లో మోగుతోంది. రెండో సెకన్‌కే పల్లవి చెప్పేశాడు. పాడిందెవరో చెప్పాడు. రెండో చరణం రేడియోలో వెయ్యరని కూడా చెప్పాడు.

ఇంకోటి పెట్టాను. అదీ చెప్పాడు. ఇంకోటి. అదీ.

“అన్నా! అన్నీ ఎరికుండి ఇన్నేండ్లు తప్పు చెప్పినవా?”

కారంతో ఎర్రబడ్డ చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ సిగ్గుపడిపోయాడు.

“తప్పు చెప్తెనే గద చెల్లే పాడనిచ్చేది. చిన్నప్పుడు భజనల కూసుంటె నా చేతికి తాళాలిచ్చి, నోరు తెర్వకురా అన్నరు. గప్పటి సంది ఎవ్వల ముంగట పాడలే. నేను పాడుత అంటె నవ్వుతరు. గదే శిక్ష అంటె ఎవ్వలేమంటరు?”

నాకు తల కొట్టేసినట్టయింది. నేను చేసింది కూడా ఆ భజన వాళ్లు చేసిందే కదా.

ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఆ సాయంత్రమే పాత రూల్ తిరిగి పెట్టేశాను. “టీచరమ్మా, మా చెవులేం పాపం చేసినయి?” అని గ్రూప్ అంతా మొత్తుకుంది. అడ్మిన్ ఇష్టం అన్నాను.

ఏడు గంటల ఒక్క నిమిషానికి యాదగిరన్న తప్పు జవాబు పెట్టాడు. నాకెంత సంతోషమైందో!

ఇవాళ ఆ ఒట్టు తప్పుతున్నాను. అందరికీ తెలియాలి. మా గ్రూప్‌లో నంబర్ వన్ నేను కాదు, ఆయన.

నిన్న మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య మణెమ్మ వదిన నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

“గిర్ని బంద్ చేసి ఫోన్ల పాడుతడని ఊరంత అంటది. ఇంట్ల ఒక్కనాడు నోరు తెర్వలే. నీతాన ఉన్నయా టీచరమ్మా, ఆయన పాటలు?”

ఉన్నాయి. ఫోన్ నిండిపోయిందని ఏవేవో తీసేశానుగానీ, ఆయనవి తీసెయ్యలేదు.

ఒకటి పెట్టాను. ఫోన్ చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని వింది. పాట అయ్యేసరికి ఏడుస్తూనే నవ్వింది.

“ఓయమ్మో, గింత అన్యాలంగ పాడుతుండెనా!”

చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు కూడా నవ్వారు. చావింట్లో నవ్వులేంటని ఎవరూ అనలేదు.

కళ్లు తుడుచుకుని ఫోన్ నా చేతిలో పెట్టింది.

“ఇంకోటి పెట్టు టీచరమ్మా.”

పొద్దుగూకేదాకా పెడుతూనే ఉన్నాను.

బాధ ఉంది, లేదనను. కానీ ఆరేళ్లు మనసారా పాడుకుని వెళ్లాడు. అది తలచుకుంటే హాయిగానే ఉంది.

నిమ్మళంగా ఉండు యాదగిరన్నా. అక్కడెవరైనా ఆట పెడితే తెలిసిన జవాబే చెప్పు. పాడాలనిపిస్తే ఊరికే పాడు.