తోక మిగిలిన పాట

వీధిలో అందరూ ఆయన్ని టేపు మావయ్య అంటారు. పని ఇస్త్రీ. ఆయన కుడి భుజం ఎప్పుడో చేతులెత్తేసింది గానీ ఆయన ఎత్తలేదు. గదిలో రెండు బల్లలు, హోటలు దుప్పట్ల గుట్టలు, కిటికీ గట్టు మీద ఒక డొక్కు టేప్‌రికార్డరు. పాత పాటంటే ఆయన చెవి కోసుకుంటాడు. చొక్కా ఇవ్వడానికి వచ్చినవాడు చొక్కా ఇచ్చి పోతే కుదరదు, "ఈ కాలంవాళ్లకి పాట కట్టడం వచ్చా?" అన్న ప్రసంగం కూడా విని పోవాలి.

రెండో బల్ల దగ్గర కోడలు. పొద్దుటి నుంచీ నిలబడి అవే పాటలు వినీ వినీ ఆ పిల్లకి విసుగెత్తిపోయింది.

"మావయ్యా, దుప్పట్లన్నా మారుతున్నాయి, పాటలు మారట్లేదు. నా ఫోన్లోవి పెట్టుకోనివ్వకపోతే వచ్చే నెల నుంచి సందు చివర డ్రైక్లీనింగ్ షాపులో పనికి పోతా. అక్కడ ఫ్యాను కూడా తిరుగుతుంది."

"పో, పో! ఆ గోల విని చెవుడొచ్చి తిరిగొస్తావు."

అన్నాడు గానీ లోపల లెక్క ఆయనకి తెలుసు. ఆ పిల్ల పోతే రెండు బల్లల గుట్టా ఆయన నెత్తినే. ఆ భుజంతో కొట్టు వారం కూడా నడవదు.

ఆయనకో అలవాటుంది. పాట అయిపోవస్తోందనగానే ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, గబగబా వెళ్లి టేపు కాస్త ముందుకి తిప్పుతాడు. ఎందుకని అడిగితే, "అక్కడ టేపు పాడైందట. మీ అత్తయ్య తిప్పమంది" అంటాడు. పెళ్లైన కొత్తలో పడిన ఆర్డరు. భార్య మాటకి ఎదురు ప్రశ్న వేసే ధైర్యం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఆ మధ్యాహ్నం భుజం పట్టేసింది. స్టూలు మీద కూలబడ్డాడు. పాట అయిపోతోంది, లేవబోయాడు, ఒళ్లు సహకరించలేదు. గాయని గొంతు సన్నగా తేలిపోయిందో లేదో, డబ్బాలో రాళ్లు పోసి ఊపినట్టు చప్పుడు. దాని మీద ఎవడిదో గొంతు చించుకునే అరుపు: "గిలకమ్మా గిలకమ్మా, గిర్రున తిరిగే గిలకమ్మా!"

కోడలు ఉలిక్కిపడింది. "ఇదెప్పటిది మావయ్యా?"

"అప్పటిదే" అన్నాడు నీరసంగా.

"పాతదేగా! మరి ఇదీ బంగారమేనా?"

అప్పుడే టీ ఫ్లాస్కుతో వచ్చిన అత్తయ్య గుమ్మంలోనే ఆగి నవ్వడం మొదలెట్టింది.

"దొరికిపోయానే! మీ మావయ్య కొన్న క్యాసెట్లన్నీ ఇలాగే ఏడ్చేవి. రేడియోలో మంచి పాట వచ్చినప్పుడల్లా వాటి మీదే రికార్డు చేసేదాన్ని. పాట పొట్టిదైతే కిందున్న పాట తోక చెరగకుండా మిగిలిపోయేది. అది వినపడకుండా టేపు పాడైందని చెప్పా."

"అంటే ఆ రోజుల్లో పాటలన్నీ మంచివి కావా?" అన్నాడు ఆయన.

"ఎంత చెత్త చెరిపానో రికార్డు మీట నొక్కిన నా బొటనవేలికి తెలుసు. చెత్తంతా నేను ఊడిస్తే, మిగిలిన నాలుగూ విని ఆ కాలమే గొప్పదని మీరు జనం చెవులు కొరుక్కుతింటున్నారు."

ఆయన మెల్లగా, "గిలకమ్మ నాకు ఇష్టమే" అన్నాడు.

"తెలుసండీ. పొద్దస్తమానం నా వెనకాలే తిరుగుతూ పాడేవారు. అందుకే ముందు దాన్నే చెరిపా."

కోడలు కడుపు పట్టుకుని నవ్వింది. ఆయనకి నవ్వడానికీ ఓపిక లేదు, అలగడానికీ లేదు. టీ తాగుతూ దుప్పట్ల గుట్టని చూశాడు. దానికి పాత రోజులూ కొత్త రోజులూ లేవు, ఎప్పుడూ అంతే ఎత్తు.

"అమ్మా, నీ ఫోను మీ అత్తయ్యకియ్యి" అన్నాడు. "ఆవిడ ఉంచమన్నవి పెట్టుకో. డ్రైక్లీనింగ్ మాట మాత్రం ఎత్తకు."

అత్తయ్య ఫోను చెవికి ఆనించుకుని కూర్చుంది.

"తీసెయ్. ఇదీ తీసెయ్. ఛీ, వీడికి జలుబా ఏంటి, తీసెయ్."

"అత్తయ్యా, ఒక్కటన్నా మిగల్చండి!"

"ఆగవే... ఇది ఉంచు."

కోడలు ఆ పాట గట్టిగా పెట్టి, మావయ్య గుట్టలోంచి ఓ చేతికి వచ్చినన్ని దుప్పట్లు తన బల్ల మీదకి లాక్కుంది.

"అంత గొప్పగా ఏం లేదు" అన్నాడు ఆయన కళ్లు మూసుకుని.

పాట అయిపోవస్తోంది. అలవాటుగా స్టూలు మీంచి లేవబోయాడు.

"కూర్చోండి మావయ్యా" అంది కోడలు. "దీనికి తోక లేదు."