సున్నా చూపించిన నడుము

గోడౌన్‌లో అతన్ని అందరూ జాకీ అంటారు. వెనకటికెప్పుడో చిన్న వ్యాను చక్రం గుంటలో దిగబడితే, జాకీ వెతికి తెచ్చేలోపే వీపు ఆనించి లేపేశాడట. ఆ పేరు పెట్టినవాళ్లు చాలామంది పని మానేసి వెళ్లిపోయారు. పేరు మాత్రం అతన్ని వదల్లేదు.

ఇప్పుడతనికి యాభై రెండేళ్లు. పొద్దున మంచం దిగాలంటే పక్కకు దొర్లి, మోచెయ్యి ఆనించి, ఒక కాలు దించి, కాసేపు ఊపిరి తీసుకుని రెండోది దించాలి. బూట్ల తాళ్లు భార్యే కడుతుంది. ఈ సంగతి వాళ్ల రెండు గదులు దాటి బయటికి పొక్కలేదు. నడుము పాడైందని తెలిస్తే పనిలోంచి తీసేస్తారు, తీసేస్తే ఇల్లు గడవదు. ముప్పై కిలోల టైల్స్ పెట్టెలు ఎత్తే మనిషికి అంతకు మించిన భయం ఏముంటుంది?

అలాంటివాడికి వరం ఇచ్చినట్టు, గోడౌన్‌లో అందరికీ తలా ఒకటి ఒంటికి తొడుక్కునే మిషన్ వచ్చింది. భుజాలకు పట్టీలు, తొడలకు పట్టీలు, నడుముకు రెండు వైపులా మోటార్లు, వీపు మీద బ్యాటరీ. వంగి బరువు పట్టుకోగానే గుయ్‌మంటూ వెనక్కి లాగుతుంది. మొదటి రోజు తొడుక్కుని పెట్టె ఎత్తితే, వెనకనుంచి ఎవరో నడుం పట్టుకుని లేపినట్టనిపించింది. రెండు గంటలు నొప్పి లేదు. సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగితే దుమ్ము పడిందని తుడుచుకున్నాడు.

మిషన్ వాడకం నేర్పడానికి వచ్చిన అమ్మాయి ఒక మాట చెప్పింది. ఎవరికి ఎంత సాయం చేసిందీ మిషన్ రాసుకుంటుందట, నెల తిరిగేసరికి ఆ లెక్క ఆఫీసుకు చేరుతుందట. ఎందుకని ఒక్కడూ అడగలేదు. అడగాల్సిన చోట నోరు కుట్టేసుకుని, ఆనక టీ దగ్గర గుసగుసలాడటం మనవాళ్లకు కొత్తేం కాదు. టీ గ్లాసులు ఖాళీ అయ్యేలోపు పుకారు పుట్టేసింది. సాయం ఎక్కువ తీసుకున్నవాణ్ణే ముందు ఇంటికి పంపుతారని!

జాకీ గ్లాసు కింద పెట్టి, మోటారు పక్కన సాయం పెంచి తగ్గించే మీటను సున్నాకు తిప్పేశాడు.

మిగతావాళ్లూ భయపడ్డారు గానీ, ఒకటికో రెండుకో తగ్గించి ఊరుకున్నారు. నెలంతా సున్నాలో ఉంచింది అతనొక్కడే. పెట్టె బరువుకు తోడు ఆరు కిలోల మిషన్ బరువు కూడా అతని మీదే పడింది. మూలుగు వచ్చినప్పుడల్లా దగ్గుతో కప్పేసేవాడు. పక్కనే పనిచేసే బావమరిది మాత్రం మీట చివరిదాకా తిప్పి, "పోతే పోనీ బావా, పని ఇంకోటి దొరుకుద్ది, నడుము దొరుకుద్దా?" అని నవ్వేవాడు. వాడు మొదటినుంచీ ఒళ్లు దాచుకునే రకమేనని జాకీకి లోలోపల చులకన.

ఒకరోజు చొక్కా విప్పితే, పట్టీలు ఒరుసుకుని కమిలిన చోట్లు భార్య కంటపడ్డాయి. గుచ్చిగుచ్చి అడిగితే చెప్పక తప్పలేదు.

"నిన్ను మొయ్యాల్సిన మిషన్ని నువ్వు మోస్తున్నావా?" అందామె.

"ఈ ఒక్క నెలే," అన్నాడు. ఆమె కూర్చుని కాపడం పెట్టింది.

నెల తిరిగింది. సూపర్‌వైజర్ అందరినీ నిలబెట్టి కాగితం చదివాడు. సాయం ఎక్కువ తీసుకున్న నలుగురికి నడుములు అరిగిపోయాయట, వాళ్లని కూర్చుని లేబుళ్లు అంటించే బల్ల దగ్గరికి మారుస్తారట. జీతం అదే. ఆ నలుగురిలో బావమరిది ఉన్నాడు. ఇన్నాళ్లూ జాకీ అంత భయపడింది ఈ కాగితానికా!

"మన జాకీ సంగతి చూడండి. సున్నా. నెలంతా సున్నా," అన్నాడు సూపర్‌వైజర్. చప్పట్లు మోగాయి. "ఇతనికి మిషన్ దండగ. రాతి పలకల దగ్గర మనుషులు చాలట్లేదు. ఇవాళ్టినుంచి అక్కడికి వెళ్లు."

నెలంతా పక్కనే ఆ దొంగ దగ్గు విన్న బావమరిది దగ్గరికి జరిగి, "నిజం చెప్పెయ్ బావా," అన్నాడు నెమ్మదిగా.

జాకీ చెబుదామనే నోరు తెరిచాడు. చెబితే నెలంతా మోసం చేశానని ఒప్పుకున్నట్టు. పైగా వీపు మీద చరుస్తున్నారు, ఒకడు ఫోటో తీస్తున్నాడు.

"ఏమైనా చెప్పాలా?" అని సూపర్‌వైజర్ అడిగాడు.

"ఏం లేదు సార్."

పట్టీలు ఒక్కొక్కటే విప్పి మిషన్ అప్పగించేశాడు. పలకల షెడ్డులో ఒక పలకకు అవతలి అంచు పట్టుకున్నవాడు అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. "కానీ అన్నా," అన్నాడు వాడు. జాకీ వంగాడు. మళ్లీ లేవడం తనవల్ల కాదని వంగినప్పుడే తెలిసిపోయింది.