బట్టీ పట్టిన జవాబులు

నీలగిరి తైలం వాసన. పని కోసం వచ్చిన ఈ అరబ్బు దేశంలో, రూవి పేటలోని దవాఖానలో నా పక్క కుర్చీలో కూర్చున్న పెద్దాయన ప్యాంటు మడిచి మోకాలికి రాసుకుంటున్నాడు. ఆ వాసన ముక్కుకు తగలగానే గ్రెగ్ సారు గుర్తొచ్చారు. హమ్మయ్య, గుర్తొచ్చారు! ఈ మధ్య ఏది గుర్తొచ్చినా నాకు పండగే. రెండు నెలలుగా మనుషుల పేర్లు, వస్తువులు పెట్టిన చోట్లు మరిచిపోతున్నాను. తల చూపించుకుందామని వచ్చాను. ఉన్నదున్నట్టు చెబితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని గుండెల్లో ఒకటే దడ. నా టోకెన్ ఇంకా పిలవలేదు.

గ్రెగ్ సారు ఇక్కడికి బస్సు దూరంలోని ఘాలాలో మా బిల్డింగు సైట్‌కు సేఫ్టీ ఆఫీసరు, ఆస్ట్రేలియా మనిషి. వాళ్ళ దేశంలో కోడిగుడ్డు ఆకారపు బంతితో ఒక ఫుట్‌బాల్ ఆడతారు. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు, ఎదుటివాడి భుజాల మీదికి ఎగిరి గాలిలోనే అందుకోవచ్చు. సారు తన రాష్ట్ర లీగులో పదకొండేళ్ళు ఆడారు. దేశమంతా చూసే పెద్ద లీగు కాదది, దానికి ఒక మెట్టు కింద. వారమంతా పైపులు బిగించే పని, శనివారం ఆట. పెద్ద లీగు నుంచి పిలుపు వస్తుందని పదకొండేళ్ళూ ఎదురుచూశారు. రాలేదు. టీ వేళ ఆ బంతిని మా మీదికి విసిరేవారు. అది ఎటు ఎగురుతుందో తెలియక మేము దుమ్ములో దొర్లుతుంటే, మోకాళ్ళకు తైలం రాసుకుంటూ పడీపడీ నవ్వేవారు. మేము చాటుగా 'గుడ్డు సారు' అనుకునేవాళ్ళం. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

అప్పట్లో నాది పరంజా కట్టే పని. ఒకరోజు పై అంతస్తు నుంచి ఇనుప క్లాంపు జారి నా హెల్మెట్ మీద పడింది. రక్తం చుక్క రాలేదు గానీ, నేల ఊగుతోంది. మా జగిత్యాల రాజన్న నన్ను నీడకు లాక్కెళ్ళాడు.

"చెప్పకురా మల్లేశ్! తల తిరిగి చక్కరొస్తుందంటే ఇగ నిన్ను ఇంటికే పంపుతరు. సారు అడిగేటియి మూడే. యాదిపెట్టుకో. ఇయ్యాల సోమారం, సైట్ ఘాలా, పొద్దుగాల తిన్నది ఖుబూస్ రొట్టె."

సారు బంతితో సహా పరుగెత్తుకొచ్చారు. అవే మూడు అడిగారు. ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేశాను. ఆయన నా ముఖంలోకి అలాగే చూసి, చేతిలోది రాజన్నకిచ్చి, వాడిని దూరంగా పంపేశారు. "ఇప్పుడు రాజన్నకు ఏమిచ్చాను?" అన్నారు.

నా కళ్ళ ముందే ఇచ్చారు. ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. "సార్, మీ కాళ్ళు మొక్కుతా, ఇంటికి పంపకండి," అని ఏడ్చాను.

సారు నా పక్కన దుమ్ములోనే కూలబడ్డారు. "నేనూ ఇలాగే జవాబులు నేర్చుకున్నాను. సెమీఫైనల్లో ఒకడి మోకాలు నా తలకు తగిలింది. డాక్టరు ఏమడుగుతాడో మా జట్టంతటికీ తెలుసు. ఆటకు ముందే బట్టీ పట్టేవాళ్ళం. ఏ గ్రౌండు, ఎవరితో ఆట, పోయిన వారం గెలిచామా ఓడామా. మూడూ కరెక్టుగా చెప్పి మళ్ళీ ఆడాను. గెలిచామట. నాకు గుర్తులేదు. ఆ తర్వాత ఇంకెన్నిసార్లు అలా చెప్పానో లెక్కలేదు."

హాస్పిటల్లో స్కానింగు తీసి, తల లోపల కాస్త రక్తం చేరిందన్నారు. ఆ రోజు పరంజా ఎక్కి ఉంటే శవమై దిగేవాణ్ణి. సారు కంపెనీతో కొట్లాడి నన్ను వెనక్కి పంపనివ్వలేదు. తన కిందే సేఫ్టీ పనిలో పెట్టుకున్నారు.

తర్వాత రెండేళ్ళకు సారే తేడాగా కనిపించసాగారు. నెత్తిన హెల్మెట్ పెట్టుకుని హెల్మెట్ కోసం వెతికేవారు. మొదట నవ్వాము. తర్వాత ఎవరమూ నవ్వలేదు. తన దేశం వెళ్ళిపోయే రోజు ఆ బంతి నా చేతిలో పెట్టి, "జాగ్రత్తగా చూసుకో..." అని ఆగిపోయారు. పెదాలు కదిలాయి. నా పేరు రాలేదు.

"మల్లేశ్, సార్."

"తెలుసు, తెలుసు," అన్నారు. అంత పొడుగు మనిషి కళ్ళలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు రోజూ పొద్దున అద్దంలో అదే చూస్తున్నాను.

నా టోకెన్ పిలిచారు. డాక్టరమ్మ కళ్ళలోకి టార్చి వేసి చూసి, హిందీలో నెమ్మదిగా అడిగింది. "ఈరోజు ఏ వారం?"

బుధవారం. నాలుక చివరే ఉంది. ఎందుకుండదు? ఘాలా నుంచి రూవి దాకా బస్సులో పెదాలు కదుపుకుంటూ వచ్చాను. బుధవారం, తారీఖు, నెల, బుధవారం, తారీఖు, నెల. అలా చేస్తున్నానని నాకే తెలియలేదు. ఆ ఒక్క మాట అనేస్తే చాలు, రేపు యథాప్రకారం డ్యూటీకి వెళ్ళిపోవచ్చు.

"మేడమ్, అది అడగకండి," అన్నాను. "అది బస్సులో నేర్చుకుని వచ్చాను. ఇంకేదైనా అడగండి."