మూడంగుళాల గడ్డి

ఈ దేశమొచ్చి ట్రాయ్ అనే ఊళ్ళో ఇల్లు కొన్న మొదటి వేసవిలోనే మా ఆయన లాన్‌ని గుండు కొట్టినట్టు నున్నగా కోసేశాడు. గడ్డి మొలవకుండా చిమ్మి, కళ్ళాపి చల్లిన వాకిలే శుభ్రమని మా ఇద్దరికీ చిన్నప్పట్నుంచీ అలవాటు మరి. పై వారానికల్లా గడ్డంతా మాడిపోయింది. కార్ల కంపెనీలో ఇంజనీరు, చుట్టూ నాలుగుసార్లు తిరిగి చూసి, "వేస్ట్ సాయిల్," అని తేల్చేశాడు.

నాకు ఆ పచ్చదనం మీద మోజేమీ లేదు. నాక్కావలసిందల్లా వెనక పెరట్లో, కంచె పక్కన, రెండు మళ్ళు. ఒకదాంట్లో బెండ, ఒకదాంట్లో గోంగూర. "ముందు ఈ లాన్‌ని గ్రీన్‌గా చేసి చూపించు, తర్వాత నీ మళ్ళు తవ్వుకుందువుగాని," అన్నాడు. ఆ మాట పట్టుకుని దిగాను, వెర్రిదాన్ని.

లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చి చదివాను. చెబుతాను, పనికొస్తే వాడుకోండి. గడ్డిని మూడంగుళాల కంటే పొట్టిగా కోయకూడదు. ఎప్పుడు కోసినా మూడో వంతే తీయాలి. బ్లేడుకి పదును లేకపోతే కొసలు చీలి తెల్లబడతాయి. కోసిన గడ్డి అక్కడే వదిలేస్తే అదే ఎరువు. నీళ్ళు రోజూ చిలకరించడం దండగ. వారానికోసారి, పొద్దున్నే, వేళ్ళదాకా దిగేలా పెట్టాలి. ఖాళీల్లో విత్తనం చల్లడానికి సెప్టెంబరు మంచిది.

గడ్డిలో మొలిచే పసుపు పూల కలుపు, డాండెలయన్ మొక్కలకి మాత్రం పుస్తకంలో చెప్పినట్టు మందు కొట్టలేదు. కుచ్చెళ్ళు దోపుకుని గొంతుక్కూర్చుని, వేళ్ళతో సహా పెకలించాను. లేతాకులు పప్పులో వేశాను. కాస్త చేదే, అయినా ఆయన రెండోసారి వేయించుకున్నాడు. అదేం ఆకో చెప్పాక కంచం పక్కకి తోసి, "ఇంటి ముందు అలా కూర్చోకు, నైబర్స్ చూస్తారు," అన్నాడు.

మూడో వేసవికి లాన్ ఒత్తుగా, కాలు పెడితే దిగబడేలా పెరిగింది. మా తెలుగు చర్చి వాళ్ళు ఆదివారం భోజనానికొచ్చి తెగ మెచ్చుకున్నారు. ఆయన చొక్కా చేతులు మడుచుకుంటూ, "ఏముందండీ, వీకెండ్స్‌లో కాస్త కష్టపడితే అదే వస్తుంది," అన్నాడు. నేను అందరికీ మంచినీళ్ళు అందించాను.

వాళ్ళు వెళ్ళాక నా మళ్ళ సంగతి అడిగాను.

"ఇంత బ్యూటిఫుల్ లాన్‌ని తవ్వుతానంటావేంటే? మతి గానీ పోయిందా?"

ఒళ్ళు మండిపోయింది. నీళ్ళు మానేసి ఎండబెట్టి చంపేద్దామనుకున్నాను. పెంచినదాన్ని కదా, మనసొప్పలేదు. ఇల్లు అమ్మేదాకా ఇంకో ఐదేళ్ళు ఆ గడ్డికి చాకిరీ చేశాను.

మా ఇల్లు కొన్న దంపతులు మొదటి వేసవిలోనే వెనక లాన్ సగం తవ్వి టమాటాలు, బీన్స్ వేశారట. పాత పక్కింటావిడ ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ పెట్టేసి, అన్నం తింటున్న ఆయనకి ఆ మాట చేరవేశాను.

"మంచి పని చేశారు," అన్నాడు, పెరుగు కలుపుకుంటూ. "అంత గడ్డి పెట్టుకుని ఏం చేసుకుంటారు?"