టైలరమ్మ వేషం కట్టిన డాక్టరు

ఎముకల డాక్టరుగారికి క్లాసులంటే ఒళ్లుమంట. లైసెన్సు కొనసాగాలంటే నొప్పి మాత్రల గురించీ, వాటికి అలవాటు పడిపోయే రోగుల గురించీ పాఠం విని తీరాలన్నారు కాబట్టి వచ్చాడు. వచ్చి, వెనక వరుసలో ఏసీ గాలి బాగా తగిలే కుర్చీ చూసుకుని కునుకు తీశాడు. ఇన్నేళ్లుగా విరిగినవన్నీ అతికిస్తున్న మనిషికి ఇంకొకరు చెప్పేదేముంటుందని ఆయన ధీమా.

పాఠం చెబుతున్న డాక్టరమ్మ ఇద్దరిద్దరిని ముందుకు పిలిచి, ఒకరు డాక్టరు, ఒకరు మాత్రల కోసం పట్టుబట్టే రోగి అనుకుని మాట్లాడమంది. ఆయన వంతుకు రోగి వేషం వచ్చింది. ఎక్కడలేని హుషారూ ముంచుకొచ్చింది. తన దగ్గరికొచ్చే టైలరమ్మలాగా నడుం పట్టుకుని, ముక్కు ఎగబీల్చి, "బాబ్బాబు, ఈ ఒక్కసారికి రాయండి! మాత్రలు సింకులో పడిపోయాయండీ, మీ కాళ్లు పట్టుకుంటాను" అంటూ సాగదీశాడు. హాలంతా పడీ పడీ నవ్వింది. ఎవరో ఈల కూడా వేశారు.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

"బాగా చేశారు సార్. ఈవిడ నిజంగానే ఉన్నట్టుందే?"

"ఉంది మేడమ్. పెద్ద నాటకాల మనిషి. లోపలికి రానివ్వొద్దని రిసెప్షన్‌లో చెప్పేశాను."

"మొదట మాత్రలు రాసిందెవరు?"

"నేనే. నడుం ఆపరేషన్ చేశాక."

"ఎలా తగ్గించుకుంటూ రావాలో, ఎప్పుడు ఆపాలో చెప్పారా?"

ఆయన చెప్పలేదు మరి. ఆవిడ వచ్చినప్పుడల్లా, వార్డుకు పరిగెత్తే హడావుడిలో నిలబడే మళ్లీ అవే మాత్రలు గీకి ఇచ్చాడు. కొన్నాళ్లకు ఆవిడ ఇంకా ఎక్కువ అడగడం మొదలుపెడితే, విసుగొచ్చి ఒక్కసారిగా ఆపేశాడు. అలా ఆపితే ఒళ్లు విరిచేసినట్టుంటుందని, కడుపులో దేవుతుందని, ముక్కు ఆగకుండా కారుతుందని డాక్టరమ్మ వివరిస్తోంది. తాను ఇందాక ఎగబీల్చి నవ్వించిన ముక్కు తలుచుకుంటే ఆయనకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

క్లాసు కాగానే డాక్టరమ్మ నంబరు తీసుకుని తిన్నగా టైలరమ్మ దుకాణానికి వెళ్లాడు. ఆవిడ అక్క మిషను ముందు కూర్చుని గుండీలు కుడుతోంది. గుడ్డల మూటల పక్కన చాప మీద ముడుచుకుని పడుకున్న టైలరమ్మ ఆయన్ని చూసి గబగబా లేచి కూర్చుంది.

"మిమ్మల్ని చాలా విసిగించాను డాక్టరుగారూ. ఏమీ అనుకోకండి" అంది.

ఆయనకు తల కొట్టేసినట్టయింది.

"తప్పు మీది కాదమ్మా, నాది. అడ్డూ అదుపూ లేకుండా రాసిందీ నేనే, ఒక్కసారిగా ఆపిందీ నేనే. దీనికి వైద్యం ఉంది. రేపు నేనే దగ్గరుండి ఆ వైద్యం తెలిసిన డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తాను."

అక్క దారం కొరికింది. "ఆ మాటేదో మా మరిదితో, అదే దీని మొగుడితో చెప్పండి. దీన్ని ఇంట్లోంచి వెళ్లగొట్టాడు. పిల్లదాన్ని కూడా చూడనివ్వట్లేదు."

"చెబుతాను. నా మాట వింటాడంటారా?"

"ఎందుకు వినడూ? 'మీ ఆవిడకి నొప్పీ లేదు, గిప్పీ లేదు, అంతా నాటకం' అని మీరు ఫోన్లో చెప్పిన రోజే కదా వెళ్లగొట్టింది."

అలా అన్నట్టు కూడా ఆయనకు గుర్తులేదు. ఆవిడ భర్త ఉండే ఇల్లెక్కడో అడిగాడు.