అబ్బాయి వంతు గ్లాసు

మా అత్తగారు పోయారు. పెద్దకర్మ అయి నాలుగు రోజులైంది. పోయిన రోజు పొద్దున్న కాఫీ తాగి, "పంచదార తగ్గిందమ్మాయ్" అని గ్లాసు నా చేతికిచ్చి, కుర్చీలోనే తల వాల్చేశారు. ఆఖరి మాటలోనూ నాకో వంక పెట్టారు. ముప్ఫై ఏళ్ల అలవాటు మరి.

నవ్వకండి గానీ, ముందు ఆవిడ ముక్కు గురించి చెప్పాలి. మామగారు బ్రాందీకి బలై నలభై దాటకుండానే వెళ్లిపోయారు. "గుమ్మంలో చెప్పులు విప్పకముందే ఏం తాగొచ్చారో చెప్పేసేదాన్ని, ఏం లాభం!" అనేవారు. అప్పట్నుంచి ఇంట్లోకి దగ్గుమందు కూడా ఆవిడ వాసన చూశాకే వచ్చేది. మా వారు ఒక్కగానొక్క కొడుకు. ఆయన ఎవరి పెళ్లిభోజనానికి వెళ్లొచ్చినా ఆవిడ పక్కన నిలబడి ఓసారి గాలి పీల్చేవారు.

తొంభైల చివర్లో భీమవరం దగ్గర మా రొయ్యల చెరువుల్ని తెల్లమచ్చ తెగులు పట్టి రెండు పంటలు పోయాయి. మూడోది బతికింది. దాన్ని కొనే విదేశీ దొర ఒకాయన మా ఇంటికే భోజనానికి వస్తానన్నారు. ఆయన కాదంటే చెరువులు వదులుకోవడమే. "దొరగారికి భోజనంలో తెల్ల వైను ఉండాలండి, తేలికపాటిది" అని ఏజెంటు ఫోన్ చేశాడు. ఏది తేలికో తెలియక మా వారు విశాఖ నుంచి మూడు రకాలు తెప్పించి, కారు డిక్కీలో దాచారు. అత్తగారికి తెలియడానికి పూట పట్టలేదు.

"తీసుకురా" అన్నారు నాతో. పగలగొడతారనుకున్నాను. బిరడాలు తీయించి, మూడు గిన్నెల్లో కొంచెం కొంచెం పోయించి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. చుక్క నోట్లో వేసుకోలేదు.

"ఇది పానకం. రెండో ముద్దకే మొహం మొత్తుతుంది. ఇదేమో పాత బీరువా వాసన, రొయ్యని తొక్కేస్తుంది. ఇదిగో, ఇది నిమ్మకాయ, పచ్చి ద్రాక్ష. రొయ్య మీద నిమ్మకాయేగా పిండుతాం? ఇది పెట్టు."

పెరుగున్న ఫ్రిజ్‌లోకి మాత్రం రానివ్వలేదు. రొయ్యలకి తెచ్చిన ఐసు బకెట్లో చల్లబెట్టాం.

దొరగారు ఒక గుక్క తాగి, రొయ్యల వేపుడు నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. అంతలో ఆయన ఇంకో గ్లాసు నింపి మా వారి ముందుకు జరిపారు.

"ఒక్క గుక్క తాగండి సార్. కాదంటే అవమానం అనుకుంటారు" అన్నాడు ఏజెంటు, గొంతు తగ్గించి.

మా వారి చెయ్యి గ్లాసు దాకా వెళ్లింది. వంటింటి తెర వెనక, నా భుజం మీదున్న అత్తగారి వేళ్లు బిగుసుకున్నాయి.

మా ఇళ్లలో ఆ రోజుల్లో ఆడవాళ్లు పరాయి మగవాళ్ల ముందుకి వచ్చేవారు కాదు. కాపురానికి వచ్చింది మొదలు ఆవిడ అతిథుల ముందు ఆ తెర దాటలేదు. ఆవేళ దాటారు. పైట నిండా కప్పుకుని తిన్నగా వెళ్లి, కొడుకు చేతికి అందబోతున్న గ్లాసు తీసుకున్నారు.

"మా అబ్బాయికి పడదండి. వాడి వంతు నేను తీసుకుంటాను" అని, నిలబడ్డచోటే ఆఖరి చుక్క దాకా తాగేశారు.

ఏజెంటు తర్జుమా చేశాడు. ఏం చెప్పాడో గానీ దొరగారు లేచి నిలబడి తల వంచారు. పంట కొన్నారు.

అత్తగారు వంటింట్లోకి వచ్చి పీట మీద కూలబడ్డారు. మజ్జిగ ఇవ్వబోతే వద్దన్నారు.

"బాగుందే అమ్మాయ్. చల్లగా, తేలిగ్గా, ఎంత బాగుందో. అదే నా భయం."

ఆవిడ కళ్లల్లో నీళ్లు చూడ్డం నాకదే మొదలు. అప్పటిదాకా ఆవిడంటే భయం. ఆ తర్వాత ప్రేమ.

నిన్న ఆ దొరగారు పలకరించడానికి వచ్చారు. జుట్టంతా నెరిసింది. అదే రకం సీసా తెచ్చి, ఆవిడ ఫొటో ముందు ఒక గ్లాసు పోసి పెట్టారు. రెండోది మా వారికిచ్చారు. ఆయన తాగనూ లేక, కింద పెట్టనూ లేక, వంటింటి వైపు చూశారు.

తెర వెనక నేనొక్కదాన్నే ఉన్నాను. భుజం మీద చెయ్యి లేదు. పైట నిండా కప్పుకుని, తెర పక్కకి జరిపాను.