గుండ్ల సందుకు వెనక దారి

మొన్న పంజాగుట్టలో ఒక ఫంక్షన్ హాలు గుమ్మం దగ్గర, జరీ లంగా వేసుకున్న చిన్నపిల్ల ఒకతె వెండి పన్నీరుబుడ్డి ఎత్తి నా మీద చిలకరించబోయి, ఎత్తు అందక, సరిగ్గా నా ఎడమ కంట్లోకి కొట్టింది. పన్నీరు చల్లినచోట కన్నీరు కార్చడం నాకు పాత జబ్బే. గులాబీ వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, చెయ్యి తనంతట తాను ఎడమ కంటి మీదికి పోతుంది. పెళ్ళిళ్ళలో నన్ను చూసినవాళ్ళు, పెద్దాయన ఎంత సున్నితమో పాపం అనుకుంటారు. ఆ రోజు పెళ్ళి జాఫర్ మనవరాలిది. జాఫర్ నా చిన్ననాటి దోస్తు. వాడికి పన్నెండో ఏట ఎడమ కన్ను పోయింది. అది ఎలా పోయిందో ఊరందరికీ తెలుసు, ఎందుకు పోయిందో నాకొక్కడికే తెలుసు అనుకుంటూ అరవై ఏళ్ళు గడిపేశాను.

ఇప్పుడు తలెత్తితే కోచింగ్ సెంటర్ల బోర్డులు తప్ప ఆకాశం కనిపించని అమీర్‌పేట, నేను నిక్కర్లు చింపుకునే రోజుల్లో జామతోటలూ జొన్నచేలూ, మధ్యమధ్య ఎవరో ఆడుకుంటూ మరిచిపోయి వదిలేసినట్టు పడి ఉన్న నల్లటి గుండ్లూ. పేరుకు అమీర్‌పేటేగాని అమీర్లంతా దేవిడీ గోడలకు అవతల ఉండేవాళ్ళు. ఇవతల ఉన్నది మాబోటి గరీబుపేట. మా నాయన బేగంపేట స్టేషన్‌లో గుమాస్తా. రెండో యుద్ధం నడుస్తున్న కాలం కావడంతో నెత్తి మీద విమానాలు తిరిగేవి, చక్కెర దొరికేది కాదు. వానలు వెనకబట్టగానే పంజాగుట్ట వైపు నేలంతా తంగేడు పూసి పసుపు ఆరబోసినట్టుండేది. సీతాఫలాలు కళ్ళు తెరిచేవి. అలా కళ్ళు తెరిచిన కాయలు కోసి గడ్డిలో మాగవేస్తే మూడోనాటికి ఇల్లంతా కమ్మటి వాసన. క్రిస్మస్‌కు మా నాయనమ్మ కాగే నూనెలో అచ్చు ముంచి తీసే గులాబీ పువ్వులు జాఫర్ వాళ్ళింటికి పోయేవి, ఈదుకు వాళ్ళ షీర్‌ఖుర్మా మా ఇంటికి వచ్చేది. గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగి పోలేదు. పెద్దవాళ్ళు గిన్నెలు ఇచ్చిపుచ్చుకుంటే పిల్లలం రాళ్ళు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళం.

అమీర్‌పేట పిల్లలకూ పంజాగుట్ట పిల్లలకూ కొట్టుకోవడానికి కారణం అక్కర్లేదు, తీరిక ఉంటే చాలు. నాలాలో ముందు ఎవరు దూకాలన్నది ఒక యుద్ధం, తెగిన గాలిపటం ఎవరిదన్నది మరో యుద్ధం. గొర్రెబొచ్చు తాడుతో పేనిన ఒడిసెలలో కోడిగుడ్డంత రాయి పెట్టి గిరగిరా తిప్పి వదిలితే అది ఈగ ముసిరిన చప్పుడుతో చెవి పక్కనుంచి పోయేది. పక్కనుంచి పోనప్పుడు చప్పుడు వినపడేది కాదు. ఒకడికి కనుబొమ్మ చీలింది, ఒకడికి మోచెయ్యి విరిగి వంకరగానే అతుక్కుంది. నా ముందుపన్ను ఒకటి ఇప్పటికీ పంజాగుట్ట మట్టిలోనే ఉంది. దాని మీద ఏ అపార్ట్‌మెంటు లేచిందో. దెబ్బ తగిలిన వాళ్ళమంతా, కొట్టినవాడూ కొట్టించుకున్నవాడూ కలిసి, జాఫర్ తాత హకీం సాబు అరుగు మీద వరసగా కూర్చునేవాళ్ళం. ఆయన పటికా గులాబీ నీళ్ళూ కలిపి గాయాలు కడిగి, పసుపుపచ్చటి లేపనం ఏదో రాసి, "కాయ్‌కూ లడ్తే రే తుమ్, ఎందుకురా ఈ కొట్లాట?" అని ఇద్దరి చెవులూ సమానంగా మెలిపెట్టేవాడు.

మా బడిలో చరిత్ర చెప్పేది తిమోతి సారు. ఆయన చేతిలో వెదురు బెత్తం పాఠాన్ని బట్టి కత్తీ అయ్యేది, ఈటే అయ్యేది, పాఠం అయిపోయాక మళ్ళీ బెత్తమై మా వీపుల మీదికి వచ్చేది. ఒక శుక్రవారం గ్రీకుల కథ ఎత్తుకున్నాడు. పక్కపక్క ఊళ్ళ వాళ్ళే అయినా ఏథెన్స్ వాళ్ళకూ స్పార్టా వాళ్ళకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అప్పుడు పారశీకుల రాజు లెక్కలేని సైన్యంతో వచ్చిపడ్డాడు. దారిలో సముద్రం వంతెన కూల్చిందని సముద్రాన్నే కొరడాలతో కొట్టించాడట. ఆ ముక్క చెబుతూ సారు బల్లను కొట్టిన దెబ్బలకు సిరాబుడ్లు ఎగిరి పడ్డాయి. కొండకూ సముద్రానికీ నడుమ ఇరుకు సందులో గుప్పెడు మంది గ్రీకులు అడ్డంగా నిలబడ్డారు. ఈటెలు విరిగితే కత్తులతో, కత్తులు విరిగితే గోళ్ళతో, పళ్ళతో పోరాడారు. అప్పుడు ఆ ప్రాంతం వాడే ఒకడు పోయి శత్రువుకు కొండ వెనక దారి చూపించాడు. "అంతే, నిలబడ్డవాడు నిలబడ్డచోటనే చచ్చిండు," అని సారు బెత్తం కింద పడేశాడు. ఆ రోజు గంట కొట్టినా ఎవరం లేవలేదు.

మర్నాడే సంధి జరిగింది. గుండ్ల మధ్య పెరిగి దెబ్బకు జంకని పంజాగుట్ట స్పార్టా అయింది. మాటలు తప్ప చేతలు లేని మా అమీర్‌పేట ఏథెన్స్ అయింది. స్పార్టా రాజు జాఫర్. మరి పారశీకులో? ఏటా సీతాఫలాల కాలంలో యూసుఫ్‌గూడ నుంచి ముప్ఫై నలభై మంది పిల్లలు గోనె సంచులతో వచ్చి గుట్టంతా ఊడ్చుకుపోయేవాళ్ళు. వాళ్ళ పెద్ద నర్సింహ, మెడ అనేది లేకుండా భుజాల మీదే తల పెట్టించుకుని పుట్టినవాడు. తాము పారశీకులమన్న సంగతి పాపం వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

సీతాఫలాల పొదలు ఎక్కువగా ఉన్నచోటికి పోవాలంటే రెండు ఏనుగుల్లాంటి గుండ్ల నడుమ సందులోంచే పోవాలి, ఒక్కొక్కడుగానే పోవాలి. మా కనుమ అదే. దానికీ ఒక వెనక దారి ఉంది. తాత కోసం ఆకులూ వేర్లూ ఏరడానికి తిరిగి తిరిగి జాఫర్ కనిపెట్టాడు: తంగేడు పొదల వెనక, ఒరిగిన గుండు కింద, బోర్లా పడుకుని పాకితే సందుకు అవతల తేలొచ్చు. ఎండాకాలంలో ఒకరోజు నన్ను తీసుకుపోయి చూపించాడు.

"ఇది నాకు, నీకు తప్ప ఎవ్వనికి ఎర్క లేదు సామేలూ. ఒట్టు వెయ్."

"నీ కండ్ల మీద ఒట్టు," అన్నాను. ఒట్టు తీసి గట్టున పెట్టమంటారు పెద్దలు. నేను గుట్టనే పెట్టాను.

చిక్కు వచ్చిపడింది ఆదివారం నాడు. ఆదివారం బడి చెప్పేదీ తిమోతి సారే. ఆ పూట చెప్పింది పారశీక రాజుల కథే. చెరలో మగ్గుతున్న దేవుని ప్రజలను విడిచిపెట్టి, పోయి గుడి కట్టుకోండని పంపినవాడొకడు. తల్లీ తండ్రీ లేని పిల్లను రాణిని చేసుకుని, ఆమె మాట విని ఆమె జనమంతటినీ కత్తికి బలి కాకుండా కాపాడినవాడు ఇంకొకడు. సముద్రాన్ని కొట్టించింది ఈయనే అయి ఉండొచ్చని సారు నోరు జారాడు. నా గుండె జారింది. శుక్రవారం తిట్టిన నోటితోనే ఆదివారం దీవించడమేమిటని లేచి అడిగాను. "అది చరిత్రరా, ఇది వాక్యం!" అని రెండు చేతుల మీదా చెరొకటి వడ్డించాడు. అరచేతులు ఊదుకుంటూ ఇంటికొచ్చి నాయనమ్మను అడిగాను, పారశీకులు మంచోళ్ళా చెడ్డోళ్ళా అని.

మధ్యాహ్నం కూరకు కోడిని కాలి కింద తొక్కిపట్టి మెడ కోస్తున్న నాయనమ్మ తల ఎత్తకుండానే, "మంచోల్లే బిడ్డా, మనోల్లను ఇడిపిచ్చినోల్లు. ఆల్ల మీద రాయి ఎత్తుతె దేవుడు ఊకుంటడా?" అంది. రెక్కలు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాయి.

ఆ ఒక్క మాట పట్టుకుని నేను పారశీకుల పక్షం చేరానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి అంతకు ముందు సాయంత్రమే జాఫర్ ఎవరెవరు ఎక్కడ నిలబడాలో పంచాడు. సందు ముందు తను, పక్కన ఇద్దరు స్పార్టా వీరులు. నాకు మాత్రం వెనక నిలబడి తట్టలో రాళ్ళు అందించే పని. "నువ్వు ఇసిరితె మనోల్లకే తాకుతది భాయ్," అన్నాడు. అందరూ నవ్వారు. అది నిజం కూడా, అందుకే అంత మండింది. దేవుడి కోపం కన్నా నా కోపమే పెద్దది. దేవుడి పేరు మీద పెట్టాను, అంతే.

సోమవారం పొద్దున్నే యూసుఫ్‌గూడ పోయి బావి గట్టు మీద నర్సింహకు దారి చెప్పాను. వాడు నన్ను పైనుంచి కిందికి చూసి, "నీకేం గావాలె?" అన్నాడు. ఏమీ వద్దన్నాను. ఉత్తపుణ్యానికి ద్రోహం చేసేవాణ్ణి ఎక్కడా చూడలేదు కాబోలు, ఒక జామకాయ చేతిలో పెట్టాడు. దోరగా ఉంది, తిన్నాను కూడా.

శనివారం యుద్ధం. మా నాయనమ్మ గంజి వంచే సిబ్బిని డాలుగా ఎత్తుకుపోయాను. చిల్లుల డాలు పట్టిన వీరుడు ఏ చరిత్రలోనూ ఉండడు. సందు ముందు జాఫర్ గొంగడి చుట్టుకుని కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. యూసుఫ్‌గూడ వాళ్ళు అరుపులతో మీదపడ్డారు. మొదటి రాయికే మావాడొకడి పెదవి చీలి గడ్డం ఎర్రబారింది. జాఫర్ వదిలిన రాయికి అవతలివాడొకడు మోకాలు పట్టుకుని దొర్లాడు. రాయి గుండుకు తగిలినప్పుడు నిప్పురవ్వ, మనిషికి తగిలినప్పుడు మెత్తటి చప్పుడు. ఒకడి చెవి తెగి వేలాడింది. నేను తట్ట అందిస్తున్నాను. రాళ్ళ మీద ఎవరిదో రక్తం, చేతులు జారిపోతున్నాయి. అంతసేపూ నా చూపు మాత్రం వెనక పొదల మీదే. వాళ్ళు వెనకనుంచి వచ్చి "దొరికిండ్రు" అంటారు, ఆట అయిపోతుంది, అంతకు మించి నేనేమీ ఊహించలేదు.

తంగేడు కొమ్మలు కదిలాయి. నర్సింహ తల బయటికొచ్చింది, ఆ తర్వాత భుజాలు, ఆ తర్వాత ఒడిసెల. "దొరికిండ్రు" అనలేదు వాడు. జాఫర్ వెన్ను పది అడుగుల్లో ఉంది. ఒడిసెల తిరగడం మొదలుపెట్టింది. ఒక్క తిప్పు, రెండు తిప్పులు.

"జాఫర్! ఎనక!" అని కేక పెట్టాను.

జాఫర్ వెనక్కి తిరిగాడు.

చప్పుడు పెద్దగా లేదు. జాఫర్ పడలేదు కూడా, నిలబడే రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం మణికట్ల దాకా, మణికట్ల నుంచి గొంగడి మీదికి కారింది. అందరికంటే ముందు ఏడ్చినవాడు నర్సింహ. ఒడిసెల పారేసి పరుగెత్తాడు. ముప్ఫై మందీ సంచులు వదిలేసి పరుగెత్తారు. వచ్చేదారిలో కోసుకున్న సీతాఫలాలు దొర్లుకుంటూ వచ్చి మా కాళ్ళకు తగిలాయి.

హకీం సాబు ఆ రోజు ఎవరి చెవీ మెలిపెట్టలేదు. జాఫర్ తలను ఒళ్ళో పెట్టుకుని గులాబీ నీళ్ళు పోస్తుంటే సగం నేలపాలైంది. అరుగంతా గులాబీ వాసన, దానికింద పచ్చి నెత్తురు వాసన. గిన్నె పట్టుకుంది నేనే. టాంగా కట్టించి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. వారం తర్వాత జాఫర్ తలకు కట్టుతో ఇంటికొచ్చాడు, కన్ను రాలేదు. నా కేక లేకపోతే రాయి తల వెనక తగిలి వాడు ఉండేవాడో లేడో. నా నోరు లేకపోతే రాయే లేదు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని ఎన్ని రాత్రులు దొర్లానో.

జాఫర్ మాత్రం మొదటి మాటే పట్టుకున్నాడు. "సామేలు ఒర్లకుంటె నేను ఖతమయితుంటి," అని బడిలో చెప్పాడు, తర్వాత తాత దవాఖానాలో కూర్చున్నాక రోగులకు చెప్పాడు, పెళ్ళయ్యాక భార్యకు చెప్పాడు. ఆమె ఆ ఒక్క కేక కోసం నాకు యాభై ఈదులు షీర్‌ఖుర్మా పంపింది. తీపి ఎప్పుడూ ఎక్కువే వేసేది, నాకు ఎప్పుడూ చేదుగానే దిగేది.

మొన్న ఆ హాలు మెట్ల మీద నిలబడి చూశాను. రెండు గుండ్లూ ఎప్పుడో పేల్చి రోడ్డుకు కంకర కొట్టారు. ఆ కనుమ మీదుగానే ఇప్పుడు బస్సులు పోతున్నాయి, ఎవరూ ఆపడం లేదు. తంగేడు లేదు. సీతాఫలాలు తోపుడుబండి మీద ఎక్కడినుంచో వస్తున్నాయి, కార్బైడ్ పొడితో కళ్ళు తెరిపించినవి. ఒడిసెల అంటే పిల్లలకు తెలియదు. అంతలో నల్ల కళ్ళద్దాల జాఫర్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి మనవలను పిలిచాడు.

"గీయన ఒక్క కేక పెట్టిండు, నేను బతికిన. గీయన లేకుంటె మీరెవ్వరు లేరు, సమజైందా?"

పిల్లలు నన్ను గుడిలో విగ్రహాన్ని చూసినట్టు చూసి, చేతులు కలిపి, ఐస్‌క్రీం వైపు పోయారు. కంట్లో పన్నీరు ఇంకా మండుతోంది. ఇక పట్టలేకపోయాను.

"జాఫర్, నర్సింహకు ఆ దారి చెప్పింది నేనే."

"ఎర్కనే," అన్నాడు వాడు, పెళ్ళివాళ్ళెవరికో సలాం పెడుతూ.

"ఎప్పటి సంది?"

"ఆ దినం సందే. గా దారి ఇద్దరికే ఎర్కుండె. నేను జెప్పలే. ఇగ మిగిలిందెవరు? లెక్కల్ల నువ్వు ఎప్పుడు కచ్చానే సామేలూ."

నిజమే. ఇద్దరిలోంచి ఒకరిని తీసేయడం నాకు అరవై ఏళ్ళుగా రాలేదు. "మరి ఎందుకు చెప్పలేదురా ఎవ్వరికీ?"

జాఫర్ కళ్ళద్దాలు తీసి, రుమాలుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"కన్ను పోయింది. దోస్తు సుత పోవాల్నా? కేక పెట్టింది సుత నువ్వే గద," అన్నాడు.

లోపల భోజనాలు మొదలైనట్టున్నాయి, గుమ్మం దగ్గర జనం తోసుకుంటున్నారు. జాఫర్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ముందల మస్తు మంది ఉన్నరు. వంటోల్ల దిక్కు నుంచి ఎనక దారి ఉన్నది, రా పోదాం."

నాలుగడుగులు వేసి, ఆగి, నా వైపు తిరిగాడు.

"ఎవ్వనికి చెప్పకు మల్ల."